కాటుకలో నానో కార్బన్ బ్లాక్: ఆ పొడి కొనేముందు చూడాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. విజయవాడలో ఇంట్లోనే కాటుక, ఐలైనర్ చేసి తెలిసినవాళ్లకు ఇస్తున్నారు, ఇప్పుడు దాన్ని చిన్న బ్రాండుగా పెంచాలనుకుంటున్నారు. వన్‌టౌన్‌లో రంగులమ్మే ఒక వ్యాపారి ‘నానో కార్బన్ బ్లాక్, ఎకో ఫ్రెండ్లీ’ అంటూ ఒక నల్లపొడి చూపించాడు. చిటికెడు వేస్తే చాలు, నలుపు చిక్కగా దిగుతుంది. అది కంటికి మంచిదేనా, పర్యావరణానికి మంచిదేనా, లేక పాతకాలం ఆముదం దీపం మసే మేలా అన్నది మీ సందేహం. చంటిపిల్లలకు పెట్టే కాటుక కూడా చేసిపెట్టమని కొందరు అడుగుతున్నారని రాశారు.

నేను చాలా ఏళ్లు హైదరాబాద్‌లో రంగు కాస్మెటిక్స్ యూనిట్లలో ఫార్ములేషన్ పని చేశాను. ఇప్పుడు గుంటూరులో ఉంటూ చిన్న తయారీదార్లకు సలహా ఇస్తుంటాను. ముందు సూటిగా చెప్పేస్తాను: ఆ పొడి కొనకండమ్మా. అది నానో అయినందుకు కాదు. ఏ గ్రేడో తేల్చే కాగితం లేదు, పైగా అది ఎగిరే పొడి. ఈ రెండూ కలిస్తే ఇంట్లో వాడే వస్తువు కాదు.

నానో అంటే ఒకటి నుంచి వంద నానోమీటర్ల మధ్య ఉండే కణాలు. కార్బన్ బ్లాక్ గ్రేడుల్లో చాలావాటి మూలకణాలు ఆ కొలతలోకే వస్తాయి. కారు టైర్లలో కలిపే మసి కూడా అంతే. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి పట్టిన మసి కూడా అంతే, దాని మూలకణాలు కూడా కొన్ని పదుల నానోమీటర్లే. అంటే మన ఇళ్లలో తరతరాలుగా కళ్లకు పెట్టుకున్నదీ నానో నలుపే. కాబట్టి ‘నానో’ అన్న మాట విని భయపడి వదిలేయాల్సిన పని లేదు, అదేదో కొత్త టెక్నాలజీ అని మురిసి కొనాల్సిన పనీ లేదు. ఆ మాట వల్ల ఆ పొడి గురించి మీకు తెలిసేది చాలా తక్కువ.

ఈ కణాలు విడివిడిగా తిరగవు. తయారయ్యేటప్పుడే మంటలో ఒకదానికొకటి అతుక్కుని గుత్తులవుతాయి, ఆ గుత్తులు మళ్లీ ముద్దలు కడతాయి. నూనెలో ఎంత నూరినా గుత్తి స్థాయి దాటి విడిపోవు. చర్మం విషయంలో భయం తక్కువగా ఉండటానికి ఇదొక కారణం. యూరోపియన్ యూనియన్‌కు కాస్మెటిక్స్ భద్రత మీద సలహా ఇచ్చే శాస్త్రీయ కమిటీ నానో కార్బన్ బ్లాక్‌ను పరిశీలించి, ఆరోగ్యంగా ఉన్న, గాయం లేని చర్మం మీద పది శాతం వరకూ రంగుగా వాడితే ప్రమాదం లేదని తేల్చింది. ఊపిరితిత్తుల్లోకి వెళ్లే అవకాశం ఉన్న వస్తువులకు మాత్రం ఆ మాట వర్తించదని స్పష్టంగా చెప్పింది. దాని ఆధారంగానే 2016లో యూరప్ చట్టంలో నానో కార్బన్ బ్లాక్‌కు షరతులతో చోటు దొరికింది. మూలకణం 20 నానోమీటర్లకు తగ్గకూడదు, స్వచ్ఛత 97 శాతం దాటాలి, వస్తువులో పది శాతం మించకూడదు, పీల్చే వీలున్న దేనిలోనూ ఉండకూడదు. అక్కడ లేబుల్ మీద ఆ రంగు పేరు పక్కన నానో అని రాసి తీరాలి. మన కాస్మెటిక్స్ రూల్స్‌లో అలా రాయాలన్న నిబంధన లేదు. కాబట్టి మన దగ్గర కొనేవాళ్లకు డబ్బా చూసి తెలిసే దారి లేదు, ఆ బాధ్యతంతా తయారుచేసేవారి మీదే పడుతుంది.

అసలు చిక్కు మలినాల దగ్గర ఉంది. కార్బన్ బ్లాక్ అంటే బరువైన పెట్రోలియం నూనెనో, తారు నూనెనో దాదాపు 1300 డిగ్రీలు దాటిన కొలిమిలో చాలీచాలని గాలితో మండించి, నీళ్లు చల్లి ఆర్పి పట్టిన మసి. నూనె పూర్తిగా మండనప్పుడు పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు, పొట్టిగా పీఏహెచ్‌లు పుడతాయి. వాటిలో బెంజోపైరీన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో పెట్టిన పదార్థం. ఇవి మసి కణాల పైభాగాన్ని పట్టుకుని ఉంటాయి. యూరప్ చట్టం పెట్టిన హద్దులు చూడండి: మొత్తం పీఏహెచ్‌లు కిలోకి అర మిల్లీగ్రాము, బెంజోపైరీన్ కిలోకి 5 మైక్రోగ్రాములు. అంటే ఒక టన్ను మసిలో బెంజోపైరీన్ 5 మిల్లీగ్రాములు దాటకూడదు. వీటితోపాటు బూడిద 0.15 శాతం, గంధకం 0.65 శాతం, సీసం 10 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు), ఆర్సెనిక్ 3 పీపీఎం, పాదరసం 1 పీపీఎం లోపు ఉండాలి.

అమెరికా అనుభవం కూడా ఇదే చెప్తుంది. ఈ పీఏహెచ్‌ల భయంతోనే అక్కడ 1976లో కార్బన్ బ్లాక్‌ను కాస్మెటిక్స్ నుంచి తీసేశారు. 2004లో బాగా శుద్ధి చేసిన గ్రేడు ఒకదాన్ని ‘డీ అండ్ సీ బ్లాక్ నంబర్ 2’ పేరుతో మళ్లీ అనుమతించారు, అదీ ప్రతి బ్యాచ్‌నూ ప్రభుత్వ ల్యాబ్ పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చాకే. అప్పుడూ ఇప్పుడూ వస్తువు కార్బనే, మారింది శుద్ధి.

కాబట్టి ఆ వ్యాపారిని అడగాల్సింది బ్యాచ్ నంబరుతో కూడిన విశ్లేషణ పత్రం. అది చేతికి వస్తే ముందు గ్రేడు పేరు చూడండి. ఎన్330, ఎన్220, ఎన్550 లాంటివి కనిపిస్తే అక్కడితో ఆపేయండి. అవి రబ్బరు గ్రేడులు, టైర్లకు, హోస్ పైపులకు వెళ్లేవి. ఎన్330 మూలకణం 30 నానోమీటర్లకు దగ్గరగా ఉంటుంది కనుక అమ్మేవాడు ‘నానో’ అన్నది అబద్ధం కాదు, కానీ దాని పీఏహెచ్‌లు కాస్మెటిక్ హద్దుకు ఎన్నో రెట్లు ఉండొచ్చు. ఉపరితల వైశాల్యం అంకె కూడా చూడండి. ఎన్330కి గ్రాముకు 78 చదరపు మీటర్ల దగ్గర ఉంటుంది. అమెరికా అనుమతించిన కాస్మెటిక్ గ్రేడుకు 200 నుంచి 260 మధ్య ఉండాలి. ఆ తర్వాత కార్బన్ బ్లాక్‌కు ఉండే సీఐ 77266 అన్న రంగు నంబరు, పీఏహెచ్, బెంజోపైరీన్, సీసం అంకెలు విడివిడిగా ఉన్నాయా అని చూడండి. ‘హెవీ మెటల్స్: పాస్’ అని ఒక్క ముక్క రాసి ఇచ్చే కాగితం పనికిరాదు. పత్రం మీది బ్యాచ్ నంబరు సంచి మీది నంబరుతో కలవాలి. ఏదో కంపెనీ పత్రం ఒకటి ఫోన్‌లో పెట్టుకుని అందరికీ అదే పంపేవాళ్లను చూశాను. చిల్లరగా విప్పి అమ్మే పొడికి ఏ పత్రం చూపించినా దానికీ దీనికీ సంబంధం ఉందని నమ్మడానికి ఆధారం ఉండదు.

ఇంట్లో చేసుకోగలిగిన చిన్న పరీక్ష ఒకటుంది. కొందరు నల్ల ఐరన్ ఆక్సైడ్‌నీ మసినీ కలిపి ఏదో ఒక పేరుతో అమ్ముతారు. కొంచెం పొడిని మూత బిగించిన గాజు సీసాలో వేసి, బయట నుంచి గట్టి అయస్కాంతం ఆనించి మెల్లగా జరపండి. నల్ల ఐరన్ ఆక్సైడ్ అయితే ముద్దగా అయస్కాంతం వెంట నడుస్తుంది. మసి కదలదు, గాజుకు అంటుకుని మరకలా ఉండిపోతుంది. రెండూ కలిసి ఉంటే కొంత నడిచి కొంత మిగులుతుంది. వస్తువు ఏమిటో దీనితో తెలుస్తుంది గానీ సీసం ఉందో లేదో తెలియదు, దానికి ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబే దిక్కు.

పొడి విషయానికి వస్తే, మన గుంటూరు వాళ్లకు ఇది చెప్పడం తేలిక. ఎండుమిరపకాయ పచ్చడిలో ఉంటే నోటికే కారం, అదే కారం పట్టే చోట ఎగిరితే వాకిట్లో నిలబడ్డవాడికీ దగ్గే. కార్బన్ బ్లాక్ కూడా నూనెలో, మైనంలో కలిసిపోయాక ఎక్కడికీ ఎగరదు. ప్రమాదమంతా సంచి విప్పి గిన్నెలోకి ఒంపే ఆ కాసేపట్లోనే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కార్బన్ బ్లాక్‌ను ‘బహుశా క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బీ వర్గంలో పెట్టింది కూడా ఎలుకలు దాన్ని పీల్చినప్పుడు వచ్చిన ఫలితాల వల్లే, చర్మానికి రాస్తే వచ్చిన ఫలితాల వల్ల కాదు. కాబట్టి ఇక్కడ మొదటి రిస్కు మీ కస్టమర్లకు కాదు, మీకు, ఆ గదిలో తిరిగే మీ ఇంట్లోవాళ్లకు. వంటగదిలో ఈ పని అసలు చేయొద్దు. ఎండాకాలం విజయవాడలో ఫ్యాన్ ఆపి కూర్చోవడం ఎవరివల్లా కాదు, ఫ్యాన్ వేస్తే పొడి ఇల్లంతా పరుచుకుంటుంది. ఒకసారి ఒలికితే చీపురు పెట్టకూడదు, తడిగుడ్డతో ఒత్తి తీయాలి. ఈ టెన్షన్ అంతా ఎందుకు? కాస్మెటిక్ గ్రేడు కార్బన్ బ్లాక్‌ను ముందే ఆముదంలో నూరి పేస్టుగా అమ్మే సరఫరాదార్లున్నారు. ఖరీదు ఎక్కువే, కానీ ఎగరదు, తూకం సులువు, మీరు గంటల తరబడి కల్వంలో నూరినా రాని నునుపు దానిలో ముందే ఉంటుంది. ఇదే కారణంతో నానో నలుపు ఉన్న లూజ్ పౌడర్ ఐషాడో, కనుబొమల పొడి, తెల్లవెంట్రుకలు కప్పే స్ప్రే లాంటివి మీరు ఎప్పుడూ చేయకండి, ఎంత గిరాకీ ఉన్నా సరే.

ఇక ఆముదం దీపం. దాని మీద నాకు చులకన భావం లేదు, మా ఇంట్లోనూ చేసేవారు. కానీ అమ్మకానికి అది సరిపడదు. ఒత్తి కొంచెం పెద్దదైనా, పళ్లెం మంటకు కాస్త దగ్గరైనా, గాలి వీచినా మసి మారిపోతుంది, దానితో పీఏహెచ్‌లూ మారతాయి. ఈరోజు పట్టిన మసిని పరీక్ష చేయిస్తే వచ్చే ఫలితం రేపటి మసికి చెల్లదు. కొలిమిలో చేసే కార్బన్ బ్లాక్‌కైతే ఉష్ణోగ్రత, గాలి ఒకే తీరున ఉంటాయి, ఆ తర్వాత శుద్ధి కూడా ఉంటుంది. పైగా ఇత్తడి, కంచు పాత్రల లోహంలో కొంత సీసం కలిసి ఉండొచ్చు, గట్టిగా గీకినప్పుడు ఆ రజను మసిలోకి వస్తుంది. ఇంట్లో మీ వరకు చేసుకుంటే స్టీలు పళ్లెం వాడండి, గీకకుండా మెత్తటి ఈకతో తుడిచి తీయండి. ‘సహజం’ అని లేబుల్ వేసి అమ్మితే మాత్రం అవతలివారికి మీరు ఏ హామీ ఇస్తున్నారో మీకే తెలియదు.

మసి కాటుక కన్నా అసలు భయపడాల్సింది సుర్మా రాయిని. దానిలో చాలావరకు సీసం సల్ఫైడు ఉంటుంది. రంగులమ్మే దుకాణాల్లో మెరుస్తూ బూడిద నలుపుగా కనిపిస్తుంది, మసి కన్నా చాలా బరువు. కొంచెం కలిపితే కాటుకకు మెరుపొస్తుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. సీసం కలిసిన కంటి రంగుల వల్ల పిల్లల రక్తంలో సీసం పెరిగిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పిల్లలు కళ్లు నులుముకుంటారు, ఆ చేయి నోట్లో పెట్టుకుంటారు. సీసానికి పిల్లల మెదడు విషయంలో సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదు.

మీ స్థితిలో నేనైతే సీఐ 77499, అంటే కాస్మెటిక్ గ్రేడు నల్ల ఐరన్ ఆక్సైడ్‌తో మొదలుపెడతాను. గనిలోంచి తవ్వింది కాకుండా ఇనుప లవణాల నుంచి కృత్రిమంగా చేసినదే తీసుకోవాలి, తవ్విన దానిలో ఆర్సెనిక్, సీసం కలిసి వస్తాయి. దాని కణాలు సాధారణంగా కార్బన్ బ్లాక్ కన్నా చాలా పెద్దవి. బరువు ఎక్కువ కనుక అంతగా ఎగరదు, అయినా మాస్కు పెట్టుకోండి. మంటలో పుట్టింది కాదు కాబట్టి పీఏహెచ్‌ల గొడవ లేదు. లోపం ఒకటే, నలుపు కొంచెం తక్కువ, వెలుతురులో చూస్తే గోధుమ ఛాయ తగులుతుంది. ఆ లోటు తీర్చడానికి మొత్తంలో రెండు మూడు శాతం కార్బన్ వచ్చేలా ఆ ఆముదం పేస్టు కలిపితే చాలు, పది శాతం వరకు వెళ్లాల్సిన అవసరమే రాదు. మన ఎండలకు కాటుక కారకుండా ఉండాలంటే నలుపు పెంచడం దారి కాదు, కార్నౌబా లాంటి గట్టి మైనం పాళ్లు చూసుకోవాలి. నలుపు ఎక్కువైతే నూనె పీల్చుకుని పుల్ల పెళుసవుతుంది, గీత తెగుతుంది. ఐరన్ ఆక్సైడ్ వాడితే లేబుల్ మీద ఎంఆర్ఐ స్కాన్‌కు ముందు తుడుచుకోమని ఒక వాక్యం రాయండి. అయస్కాంతం లాగే పదార్థం కనుక కంటి దగ్గర స్కాన్ బొమ్మ చెడుతుంది, కొన్నిసార్లు చురుక్కుమంటుంది కూడా.

పెట్టుకునే చోటు గురించి కూడా కస్టమర్లకు చెప్పండి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకురాలు 2015లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, రెప్ప లోపలి అంచున పెట్టిన పెన్సిల్ ఐలైనర్ కణాలు ఐదు నిమిషాల్లోనే కన్నీటి పొరలోకి చేరడం కనిపించింది. వెంట్రుకల బయట గీసినప్పుడు అంత చేరలేదు. లోపలి అంచున సన్నటి నూనె గ్రంథుల నోళ్లుంటాయి, అవి మూసుకుపోతే కళ్లు పొడిబారతాయి, మండుతాయి. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవారు, ఈమధ్యే కంటి ఆపరేషన్ అయినవారు లోపల పెట్టుకోకూడదు. మనవాళ్లు కాటుకంటే లోపలి అంచునే దిద్దుకుంటారని నాకు తెలుసు. అయినా రాసి పెట్టండి, రాత్రి పడుకునే ముందు కొంచెం నూనెతో తుడుచుకోమని కూడా రాయండి.

పర్యావరణం సంగతి. కిలో కార్బన్ బ్లాక్ తయారీకి రెండు మూడు కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. తయారయ్యే దానిలో సింహభాగం టైర్లకు, రబ్బరుకే పోతుంది, కాస్మెటిక్స్ వాటా అందులో నలుసంత. మీ లెక్క వేసి చూడండి. మార్కెట్లో మామూలు కాటుక పుల్లలో సరుకు 0.35 గ్రాములు. అందులో పది శాతం కార్బన్ అనుకున్నా 0.035 గ్రాములు, దాని వల్ల వచ్చే కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.1 గ్రాము. అదే పుల్ల తిప్పే ప్లాస్టిక్ గొట్టం, మూత కలిపి తూకం వేయండి. ఎనిమిది గ్రాములుంటే, ఆ ప్లాస్టిక్ తయారీకే పదిహేను గ్రాముల పైచిలుకు. అంటే నలుపు కన్నా డబ్బా వంద రెట్లకు పైనే. పైగా గొట్టం కూడా నల్లగా ఉండాలని అందులోనూ కార్బన్ బ్లాక్ వేస్తారు. నలుపు పరారుణ కాంతిని పీల్చేస్తుంది కనుక ప్లాస్టిక్‌ను వేరుచేసే యంత్రాల కంటికి ఆ ముక్క కనబడదు, తిరిగి వాడకానికి పోకుండా చెత్తకుప్పకే చేరుతుంది. మీకు పర్యావరణం మీద నిజంగా పట్టింపు ఉంటే గొట్టం రంగు తెలుపో, పారదర్శకమో చేయండి, లేదా చెక్క పెన్సిల్ రూపంలోకి వెళ్లండి. చెక్కినప్పుడల్లా కొత్త మొన వస్తుంది కాబట్టి శుభ్రత కోణంలోనూ అది మేలు. రీఫిల్ భరిణె అందంగా ఉంటుంది, నాకూ ఇష్టమే, కానీ రోజూ వేలు పెట్టే భరిణెలో సూక్ష్మజీవులు చేరతాయి. భరిణెలో ఇవ్వాలనుకుంటే చిన్న పరిమాణంలోనే ఇవ్వండి, ఒకరిది ఇంకొకరు వాడవద్దని చెప్పండి.

మీకు చూపించిన ‘ఎకో ఫ్రెండ్లీ’ పొడి గురించి నాకున్న అనుమానం ఒకటి చెప్పాలి. పాత టైర్లను గాలి తగలకుండా కాల్చి తీసే మసి ఇప్పుడు ‘రికవర్డ్ కార్బన్ బ్లాక్’ పేరుతో దొరుకుతోంది. రబ్బరు చాపలకు, నల్ల ప్లాస్టిక్‌కు అది నిజంగా మంచి పని, టైరు వృథా కాదు. కానీ టైరులోని జింకు ఆక్సైడు, సిలికా, గంధకం అన్నీ ఆ మసిలోనే ఉండిపోతాయి, బూడిదే పది నుంచి ఇరవై శాతం ఉంటుంది. కంటి దగ్గర వాడే దానికి హద్దు 0.15 శాతం అని పైన చెప్పాను. అమ్మేవాడు పర్యావరణం పేరు చెప్పి ధర తక్కువ చెప్తుంటే బూడిద శాతం అడగండి. ఆ ఒక్క అంకెతో విషయం తేలిపోతుంది.

లైసెన్సు మాట మర్చిపోకండి. అమ్మకానికి కాస్మెటిక్ తయారు చేయాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి లైసెన్సు ఉండాలి. కంటి వస్తువులు చేసే గదికి శుభ్రత విషయంలో అదనపు నిబంధనలున్నాయి, అవి మామూలు ఇంటి గదిలో కుదరవు. మొదట్లో సొంత యూనిట్ పెట్టే బదులు లోన్ లైసెన్సు తీసుకుని, లైసెన్సు ఉన్న వేరే యూనిట్‌లో మీ ఫార్ములాతో చేయించుకోవడం మంచిది. నూరే యంత్రం, దుమ్ము పీల్చే ఏర్పాటు అక్కడే ఉంటాయి, పొడి మీ ఇంటి గడప తొక్కదు. వాడే రంగు బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ, ఇచ్చిన ఐఎస్ 4707 జాబితాలో ఉండాలి. రంగుల్లో సీసం 20 పీపీఎం, ఆర్సెనిక్ 2 పీపీఎం మించకూడదన్నది మన దగ్గరి హద్దు. నేను మాత్రం సీసం 10 లోపు ఉన్న సరుకే తీసుకోమంటాను, దొరుకుతుంది కాబట్టి.

చివరగా పిల్లల కాటుక. దయచేసి చేయకండి. ఎంత శుద్ధమైన కార్బన్ వాడినా, ఎంత మంచి ఆముదం పోసినా, నెలల పసికందు కంట్లో వేలితో పెట్టేదాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను. పసివాళ్ల కన్నీటి నాళం సన్నగా ఉంటుంది, మూసుకుపోతుంది, వేలి నుంచి ఇన్ఫెక్షన్ వస్తుంది, ఇవి పిల్లల డాక్టర్లు రోజూ చూసేవే. కాటుక పెడితే కళ్లు పెద్దవవుతాయన్నది నిజం కాదు. యూరప్ కమిటీ సరే అన్నది ఆరోగ్యంగా ఉన్న చర్మం గురించి, పసిపిల్ల కంటి లోపలి పొర గురించి కాదు. దిష్టి కోసం అడిగేవాళ్లకు సగ్గుబియ్యం మాడ్చి చేసే చాదు ఇంట్లోనే చేసుకుని అరికాలికి పెట్టమనండి. బుగ్గకు పెడితే చేయి తగిలి నోట్లోకి పోతుంది, అరికాలైతే సాక్సు వేసేయొచ్చు. మీ కాటుక డబ్బా మీద మాత్రం ‘ఐదేళ్లలోపు పిల్లలకు వాడరాదు’ అని కనబడేంత పెద్ద అక్షరాల్లో, తెలుగులో వేయించండి.